పైపందెము

సోదరీమణులలో కొందరు ఈ శీర్షిక చూచి, "పేకాట గొడవ మనకేల?" యని పుట త్రిప్పబోవుదురేమో. ఒక్క నిమిషము తాళుడు. పేకాట మంచిదని పొగడుటకు గాని, ఆడువారిని దూషించుటకు గాని మేమిది వ్రాయుట లేదు. మా యింట, మా బల్లచెంత, మా చేతిమీదుగా జరిగిన యొక తప్పును చెప్పుకొనదలచితిమి. అది పేకముక్కలతో జరిగినదే గాని దాని మూలము పేకలో లేదు. కావున ముక్క ముట్టని యిల్లాండ్రకు గూడ దీనితో కొంత పని గలదు.

మేము హైదరాబాదు నగరమునకు పడమటనున్న కొండాపూరులో నివసించుచున్నాము. 1998 లో హైటెక్ సిటీలోని సైబర్ టవర్సు భవనమును తెరచిన నాళ్లలో ఈ ప్రాంతమంతయు రాతిగుట్టలతో నిండియుండెడిదని మాకంటె ముందు వచ్చినవారు చెప్పుదురు. నేడు మా మేడ వసారాలో నిలిచి చూచినచో అర్ధరాత్రమున సైతము దీపములారని కచ్చేరీలు బారులు తీరి కానవచ్చును. ఇచ్చటివారిలో పెక్కుమంది పొట్టకూటికై వేరువేరు ఊళ్లనుండి వచ్చినవారు. పగలెల్ల ఒకరి మొగమొకరు చూచుకొన తీరిక యుండదు. అందుచేత శనివారము రాత్రి నలుగురు ఒకచోట కూర్చుండుటయే మాకొక పండుగ. మేము, మావారు, మా మరిదిగారు, మా తోడికోడలు, ఎదుటి వాటాలోని దంపతులు, ఈ ఆరుగురము మొన్నటి యేడు దసరా వెళ్లినది మొదలు సంక్రాంతి వచ్చువరకు పక్షమునకొక రాత్రి చొప్పున ఏడు రాత్రులు పేక ఆడితిమి.

మా పెద్దలాడినది పదమూడు ముక్కల రమ్మీ. మా మరిదిగారు ఉద్యోగరీత్యా మూడేండ్లు అమెరికాలోనుండి, అచ్చటి మిత్రుల యిండ్లలో ఆడెడి డ్రా పోకరు అను ఆట నేర్చుకొని వచ్చిరి. అందు ఒక్కొక్కరికి ఐదేసి ముక్కలు బోరగిల పంచుదురు. ఒక విడత పందెము కాయుదురు. పిమ్మట అక్కరలేని ముక్కలను పారవైచి, అన్ని క్రొత్తముక్కలు తీసికొందురు. మా యింట మూడింటికి మించి మార్చరాదని కట్టుబాటు. మరల నొక విడత పందెము. కడకు నిలిచినవారు ముక్కలు పరచగా ఎవరి చేయి పెద్దదో వారు నడిమి సొమ్మును తీసికొందురు. చేయి బాగులేనివారు నడుమనే ముక్కలు క్రిందపెట్టి తప్పుకొనవచ్చును.

మావారు జాగ్రత్తపరులు. ఆట మొదలిడిననాడే నాలుగు గట్లు వేసిరి. మొదటి పందెము పది రూపాయలు. ఒక్కమారు ఏబదికి మించి పెంచరాదు. ఒక రాత్రిలో అయిదువందలు పోయినవారు లేచిపోవలెను. పదునొకండు గంటలకు పేక కట్టివేయవలెను. ఈ నియమములను ఏ ఒక్కరమును ఏనాడును దాటలేదు. దాటవలసిన పనియు లేకపోయెను. ఏలయన దారి వేరొకవైపున తెరచియే యుండెను.

ఆ దారి పేరు పైపందెము. గోదావరి జిల్లాల వారికి ఈ మాట క్రొత్త గాదు. సంక్రాంతికి కోళ్లను బరిలో దింపినపుడు, కోళ్లు గలవారిద్దరు కాయునది అసలు పందెము. చుట్టును మూగినవారు "నెమలిమీద", "డేగమీద" అని కేకలు వేయుచు తమలో తాము కాయునవి పైపందెములు. పోకరులో గూడ నంతే. నడిమి సొమ్ముతో సంబంధము లేక, ఆటలో జరుగు ఏదో యొక విశేషమునుగూర్చి ఇద్దరు తమలో తాము కాయు పందెమే పైపందెము. ఇచ్చట నొక భ్రమ తొలగింపవలెను. ఒకరు తమ ముందున్న సొమ్మంతయు పెట్టివైచి నిలిచినపుడు, తక్కినవారు అంతకుమించి కాయు సొమ్మును వేరొక కుప్పగా నుంచుదురు. అది ఆటలోని భాగమే. అందరి యెదుట జరుగును. పైపందెము అట్టిది గాదు. అది ఇద్దరి నడుమ మాట. బల్ల దానిని ఎరుగదు.

మా యింట మూడు తీరుల పైపందెములు నడచినవి. మొదటిది ఇస్పేటు పందెము. ఇద్దరిలో ఎవరిచేత పెద్ద ఇస్పేటు ఉన్నదో వారు గెలిచిరి. అయితే ముక్కలు క్రిందపెట్టి తప్పుకొన్నవారు పైపందెమును గూడ ఓడినట్లే. చూడుడు, ఈ చిన్న నియమమెంత పని చేయునో! చేతిలో ఇస్పేటు రాజు తప్ప మరేమియు లేనివారు, తప్పుకొనవలసిన ఆటలో తప్పుకొనలేక, నూరు రూపాయల పైపందెమునకై నడిమి సొమ్మునకు నూటయేబది సమర్పించుకొందురు. పైపందెము తన సొమ్మును తాను తినుటయే గాక అసలాటలోని బుద్ధిని గూడ తినును.

రెండవది, ఆట విడిచి ప్రక్కకు జరిగినవారు మరియొకరి చేతిని తొంగిచూచి కాయు పందెము. ఒకరిచేత ఆఠీనులు నాలుగున్నవి. ఐదవ ముక్కను మార్చుచున్నారు. ఆఠీను పడునా, పడదా? ఆ ఐదు ముక్కలు పోగా కనబడనివి నలువదియేడు. వానిలో ఆఠీనులు తొమ్మిది. అనగా తొమ్మిది ముక్కలు పడుననువారివైపు, ముప్పదియెనిమిది పడదనువారివైపు. పడుననువారికి న్యాయమైన వెల నూటికి నాలుగువందల ఇరువది పైచిల్లర. మా బల్లచెంత నూటికి మూడువందలే యిచ్చెడివారు. నాలుగు ఆఠీనులు కన్నులకు కనబడుచుండగా ఐదవది వచ్చితీరునని తోచును గాన, ఆ వెలకే ఎగబడి కాచెడివారు.

మూడవది మేము పెట్టినది. ముక్కలు పంచకముందే ఒక గుర్తు చెప్పవలెను: ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు, వీనిలో నొకటి. ఆట ముగిసిన పిదప మిగిలిన కట్టలోని పైముక్కను తిప్పి చూతురు. చెప్పిన గుర్తు పడెనా, నూటికి రెండువందలు. పడదా, నూరు పోవును.

మొదట ఎఱుపా నలుపా యని సమానముగా కాచుచుంటిమి. అది న్యాయమైన పందెము. ఏబదిరెండింటిలో ఇరువదియారు ఇటు, ఇరువదియారు అటు. రెండు గంటలు కాచినను ఎవరికిని చెప్పుకొనదగినంత లాభము గాని నష్టము గాని రాలేదు. అప్పుడు మేమే మా తోడికోడలితో, "ఇది చప్పగా నున్నది. గుర్తు చెప్పుము. తగిలినచో రెండింతలిత్తును" అంటిమి. ఆమె మొగము వికసించెను. "రెండింతలే! అక్కయ్యా, మీరు ఉదారులు" అనెను.

మేము ఉదారులము గాము. మాకు లెక్క తెలియును. గుర్తులు నాలుగు. నాలుగుమార్లు కాచినచో సగటున నొకమారు తగులును, మూడుమార్లు తప్పును. తప్పిన మూడింటికి మూడువందలు పోవును గనుక తగిలిన ఒక్కదానికి మూడువందలు రావలెను. మేమిచ్చినది రెండువందలు. అనగా ప్రతి నాలుగు పందెములకు నూరు రూపాయలు, ఎవరి అదృష్టముతోను నిమిత్తము లేక, ఆమె చేతినుండి మా చేతికి జారుచుండెను. మా కొలువు ఏమనుకొనిరి? ఇతరులు వ్రాసిన ప్రోగ్రాములలో తప్పులు పట్టుట. పగలు తప్పులు పట్టి జీతము తీసికొనుచు, రాత్రి మా పందెములోని తప్పును మాటుపరచి సొమ్ము తీసికొంటిమి.

సొమ్ము చేతులు మారు తీరు గూడ చెప్పవలెను. నడిమి సొమ్మునకు బిళ్లలుండెడివి. ఎవరిముందు ఎన్ని తరిగినవో అందరికి కనబడును. పైపందెమునకు బిళ్లలు లేవు. ఫోనులోని యూపీఐతో అప్పటికప్పుడు పంపుటయే. బల్లక్రింద వ్రేలు కదలును, ఎదుట ఫోను చిన్నగా మ్రోగును. నోటు విప్పి ఇచ్చుటలోనుండు నొప్పి అందు లేదు. మూడు రాత్రులు గడచునప్పటికి మా పందెము నూరునుండి రెండువందలకు పెరిగెను. పెంచుమనినది ఆమెయే, పోయినది రాబట్టుకొనవలెనని. వలదనుటకు మాకు నోరు రాలేదు.

పేకాటలో నేర్పెంత, అదృష్టమెంత యను వివాదము ఈ జంటనగరములకు పాతదే. సికిందరాబాదులోని యొక క్లబ్బులో డబ్బుకు రమ్మీ ఆడిరన్న అభియోగము సుప్రీంకోర్టువరకు పోయెను. 1967 లో ఆ న్యాయస్థానము, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును, ఏది ఉంచవలెనో ఏది విడువవలెనో తేల్చుటకును నేర్పు కావలెను గనుక రమ్మీ మూడు ముక్కలాటవలె వట్టి అదృష్టపుటాట గాదని తీర్పు చెప్పెను. పిమ్మట కాలము మారెను. ఫోనులలో రమ్మీ ఆడి సంసారములు గుల్లయగుచుండగా 2017 లో తెలంగాణ ప్రభుత్వము 1974 నాటి జూద చట్టమును సవరించి, అట్టి డబ్బాటలను నిషేధించెను. 2025 లో పార్లమెంటు అంతర్జాలములో డబ్బుకు ఆడు ఆటలన్నింటిని దేశమంతట నిషేధించుచు చట్టము చేసెను. ఈ విచారములన్నింటిలో నేర్పును ముక్కలలో వెదకిరి. మా అనుభవమున తేలినదేమనగా, పైపందెములో నేర్పు ముక్కలలో నుండదు, వెలలో నుండును. కట్టపై ముక్కను తిప్పుటకు నేర్పక్కరలేదు, చంటిబిడ్డయైన తిప్పును. నూటికెంత ఇచ్చుటయను మాటలోనే ఉన్నదంతయు. ఆ మాట పలికినవారికి లెక్క తెలిసి, విన్నవారికి తెలియకున్నచో, అది ఆట యగునా?

సంక్రాంతికి అందరము భీమవరమునకు చేరువనున్న మా అత్తవారి యూరికి పోతిమి. భోగినాటి సాయంకాలము అరిసెల పిండి కలుపుచుండగా మా అత్తగారు తోడికోడలి చేయి చూచి, "ఉంగరమేదమ్మా?" యని అడిగిరి. అది పెండ్లినాడు ఆమె స్వయముగా తొడిగినది. "కొండాపూరులో వదలి వచ్చితినత్తయ్యా" యని ఆమె తలవంచుకొనెను. ఆ తలవంచుటలో మాకేదో కీడు తోచెను.

ఊరివెలుపల తోటలలో కోడిపందెములు. జంతువులను హింసింపరాదని 1960 నాటి చట్టమున్నను, కోళ్ల కాళ్లకు కత్తులు కట్టుట మానలేదు. ఆ కేకలు ఇంటివరకు వినవచ్చుచుండెను. అత్తగారు పిండి కలుపుట ఆపి, ఎవరితోనో గాక తమలో తాము చెప్పుకొనుచున్నట్లు ఇట్లనిరి: "మన చెరువుక్రింది రెండెకరములు ఎట్లు పోయెనో మీకు తెలియదు. మీ తాతమామగారు కోడిమీద కట్టిన సొమ్ముతో పోలేదు. కోడి ఓడినచో పోవునది ఇంతయని ముందే తెలియును; ఇంట చెప్పియే పోయెడివారు. పైన కాచినదానితో పోయెను. దానికి గట్టు లేదు. గట్టులేని చేనిలో నీరు ఎట్లు నిలుచునమ్మాయీ?"

మా చేతులలోని పిండి చల్లబడినట్లు తోచెను.

ఆ రాత్రి మేడమీద చాపలు పరచుకొని పడుకొన్నపుడు తోడికోడలిని మెల్లగా అడిగితిమి. మొదట ఏమియు లేదనెను. పిదప ఏడ్చెను. పిల్లవానికై ఉద్యోగము మానుకొన్ననాటినుండి ఆమెకు సొంత రాబడి లేదు. మరిదిగారు నెలనెలా ఇంటిఖర్చునకు పంపు సొమ్ములోనుండి పందెములు కాచినది. డిసెంబరులో పిల్లవాని బడిరుసుమునకు చాలకపోగా, భర్తకు చెప్పుటకు జంకి, ఉంగరమును కుదువబెట్టి సొమ్ము తెచ్చినది. "నా అదృష్టము మంచిది గాదు, అక్కయ్యా. ఎప్పుడును ఒక్కటే తప్పు గుర్తు చెప్పుదును" అనెను.

మేము ఊరకుండవచ్చును. ఊరకుండిన ఎవరికిని తెలియదు. తాను దురదృష్టవంతురాలనని నమ్మి ఆమె ఊరడిల్లును. గెలిచిన సొమ్ము ఆపదలో అక్కరకై ఇచ్చినట్లు ఇచ్చి మంచివారమనిపించుకొందుము. ఒక గడియసేపు ఆ యాలోచనయే చేసితిమి, దాచుట ఎందుకు? కాని అరణ్యపర్వములోని నలుని కథ జ్ఞప్తికి వచ్చెను. పుష్కరునితో జూదమాడి నలుడు రాజ్యము పోగొట్టుకొన్న సంగతి అందరము చెప్పుకొందుము. ఋతుపర్ణుని సంగతి చెప్పుకొనము. ఆతడు రథముపై పోవుచు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుతోనే లెక్కించి చెప్పెను. ఆ లెక్కల విద్య, అనగా అక్షహృదయము, తెలిసినవాడు నలునితో జూదమాడి ఆతనిని గెలువవచ్చునుగదా. ఆతడట్లు చేయలేదు. ఆ విద్యనే నలునకిచ్చి, మారుగా అశ్వహృదయమును కోరెను. విద్య తెలిసిన వెంటనే కలి నలుని దేహమును విడిచిపోయెను. నలుని పట్టిన కలి అదృష్టహీనత గాదు. తెలియమియే యని మాకు ఆ రాత్రి తోచెను. మమ్ము పట్టినది మాత్రము వేరొక కలి.

"అమ్మాయీ, నీ అదృష్టములో లోపము లేదు. లోపము నా వెలలో నున్నది" యని చెప్పి, నాలుగు గుర్తుల లెక్క విప్పి చూపితిమి.

ఆమె చాలసేపు మాటాడలేదు. తుదకు, "మీకు తెలిసియే ఆడితిరా, అక్కయ్యా?" అనెను.

ఇంతవరకు మమ్ము ఎవరును ఇంతకంటె కఠినముగా మాటాడలేదు. "తెలిసియే" యంటిమి.

మరునాడు పండుగ. ఆమె మాతో ఒక్క మాటయు ఆడలేదు. ముగ్గు పెట్టునపుడు పిండిగిన్నె అందిచ్చినది గాని మొగము చూడలేదు. కొండాపూరు తిరిగివచ్చిన నాలుగవ దినమున తానే మా యింటికి వచ్చి, మా చిన్న పద్దుపుస్తకమును అడిగెను. గెలుపోటములన్నియు అందు వ్రాసియుంచితిమి. బల్లచెంత కూర్చుండి కాగితముమీద లెక్క వేసెను. మేమెదుట నిలిచియుంటిమి.

నూరు రూపాయల పందెములు నూటయిరువది, తగిలినవి ముప్పది. రెండువందల పందెములు నూటయరువది; తగిలినవి ముప్పదితొమ్మిది. మొదటి వానిలో పోయినది మూడువేలు, రెండవ వానిలో ఎనిమిదివేల ఆరువందలు, వెరసి 11,600 రూపాయలు. అంతటితో ఆపక ఇంకొక వరుస వేసెను. న్యాయమైన వెల ఇచ్చియున్నచో, తగిలిన ప్రతి నూటికి ఇంకొక నూరు రావలెను గదా? ముప్పదింటికి మూడువేలు, ముప్పదితొమ్మిదింటికి ఏడువేల ఎనిమిదివందలు. వెరసి 10,800. మిగిలినది 800.

"చూడుడు, అక్కయ్యా" యనుచు కాగితము మావైపు త్రిప్పెను. "ఏడు రాత్రులలో నా దురదృష్టము తినినది ఎనిమిదివందలే. తక్కినది మీ వెల తినినది. పదివేల ఎనిమిదివందలు ఇండు. ఎనిమిదివందలు మీ గెలుపు. అది నాకు వలదు."

ఇచ్చితిమి. ఆ సాయంకాలమే ఉంగరము విడిపించుకొని, జరిగినదంతయు భర్తకు తానే చెప్పెను. మరిదిగారు ఆమెను కోపింపలేదు, మమ్మును కోపింపలేదు. నెలఖర్చు సొమ్ము పంపునపుడు "ఇది నీది" యని కొంత వేరుగా పంపుట మాత్రము ఆనాటినుండి మొదలుపెట్టిరి. మావారికి మేము చెప్పినపుడు, "నేను వేసిన గట్లన్నియు ఆటకే వేసితిని" యని ఊరకుండిరి.

ఇప్పుడును శనివారములు ఆడుచున్నాము; పది రూపాయలు, ఏబది రూపాయలు, పదునొకండు గంటలు. పైపందెములు లేవు. తోడికోడలు పోకరు నేర్పుగా ఆడును. ఐదవ ఆఠీనుకై ఆశపడి ఎవరైన ముక్క మార్చునపుడు "నలువదియేడింట తొమ్మిది" యని అందరికి వినబడునట్లు చెప్పి నవ్వును. మావైపు చూచియు నవ్వును. కాని "మీరు ఉదారులు" అను మాట మరల అనలేదు. మేము ఎదురుచూచుటయు లేదు.

సోదరీమణులారా, పేక మీ యింట లేకపోవచ్చును. చీటీపాటలో, నగలబేరములో, ఇరుగుపొరుగు చేబదుళ్లలో, ఒకరికి లెక్క తెలిసి మరియొకరికి తెలియని ఘట్టములు ప్రతి యింటను వచ్చుచునే యుండును. ఎవరైన ఇంత ఇత్తునని ఊరించినపుడు, ఎంత రావలెనో ముందు కాగితముమీద వేసికొనుడు. ఆ లెక్క తెలిసినవారు మీరే యైనచో, ఎదుటివారికి ముందే చెప్పుడు. మేము ఆలస్యముగా చెప్పితిమి.

ఆ ఎనిమిదివందల రూపాయలు ఇప్పటికిని మా పద్దుపుస్తకము నడుమ మడిచియున్నవి. న్యాయముగా గెలిచిన సొమ్మే. అయినను వానిని ఖర్చుపెట్టుటకు మాకు చేయి రాలేదు.